ఒకే డిస్క్‌లో విండోస్, ఉబుంటు, ఫెడోరా: పార్టిషన్లు చేసే ముందు, చేసేటప్పుడు

ముందు మీ ప్రశ్న ఏమిటో ఒకసారి చెప్పుకుందాం. 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. విండోస్ 11 కొన్నప్పుడు ఎలా వచ్చిందో అలాగే ఉంది. దాని పక్కన పని కోసం ఉబుంటు, నేర్చుకోవడానికి ఫెడోరా, అంటే రెండు లైనక్స్ సిస్టమ్‌లు, వేసుకోవాలి. మూడింటికీ అందేలా ఒక డేటా డ్రైవ్ కూడా కావాలి. "డిస్క్‌కి నాలుగు పార్టిషన్లే ఉండాలంటారు కదా, ఇప్పటికే నాలుగున్నాయి, మరి ఎలా?" అన్నది మీ అసలు టెన్షన్. పార్టిషన్ అంటే డిస్క్‌లో విడిగా కోసుకున్న ఒక ముక్క.

ఆ నాలుగు లెక్క మీ డిస్క్‌కి వర్తించదు. డేటా డ్రైవ్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో, అంటే విండోస్ వాడే ఫార్మాట్‌లో, పెట్టుకోవచ్చు. విండోస్ ముందే ఉంది కాబట్టి ఏ సిస్టమ్ ముందు వేయాలన్న గొడవ లేదు. మీకు కావాల్సింది ఇంతే అయితే ఇక్కడితో ఆగిపోవచ్చు. కానీ పార్టిషన్లు చేసుకుని సిస్టమ్ పోగొట్టుకున్నవాళ్లలో నేను చూసినవాళ్లెవరూ సైజుల దగ్గర తప్పు చేయలేదు. డ్రైవ్ లెటర్ కూడా లేని ఒక చిన్న ముక్క ఎవరిదో, ఎందుకుందో తెలియక దాన్ని ముట్టుకున్నారు. నేనూ అలాగే దెబ్బతిన్నాను, ఆ సంగతి కాస్త కింద చెబుతాను.

నాలుగు అనే లెక్క ఎంబీఆర్ అనే పాత పద్ధతిది. 1983లో డాస్ 2.0తో పాటు వచ్చింది. డిస్క్‌లో మొట్టమొదటి 512 బైట్లలోనే అన్నీ ఇరికించారు: 446 బైట్లు సిస్టమ్‌ని లేపే బూట్ కోడ్‌కి, 64 బైట్లు పార్టిషన్ పట్టికకి, చివరి రెండు సంతకానికి. ఒక్కో పార్టిషన్ వివరానికి 16 బైట్లు కావాలి. 64లో 16 ఎన్నిసార్లు పోతుందో అన్నే పార్టిషన్లు, అంతకు మించి కారణమేమీ లేదు. అందులో ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్‌గా మార్చి, దాని లోపల లాజికల్ పార్టిషన్లు పెట్టుకుంటూ ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాం. మామూలు 512 బైట్ల సెక్టార్ల డిస్క్ అయితే 2 టీబీ దాటితే ఎంబీఆర్‌కి అందదు కూడా.

ఇప్పటి పద్ధతి జీపీటీ. మామూలుగా 128 పార్టిషన్ల దాకా చోటుంటుంది, పట్టిక నకలు ఒకటి డిస్క్ చివర్లో కూడా ఉంటుంది. ప్రైమరీ, లాజికల్ అనే తేడానే లేదు. విండోస్ 11తో వచ్చిన మీ ల్యాప్‌టాప్‌లో ఉండేది ఇదే. అయినా చూసి నిర్ధారించుకోండి: డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, కింద "డిస్క్ 0" అన్న చోట కుడి క్లిక్, ప్రాపర్టీస్, వాల్యూమ్స్. "పార్టిషన్ స్టైల్" అన్న చోట జీపీటీ అని ఉంటే చాలు. పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతూ ఉంటే, మీకు అక్కడ ఎంబీఆర్ అని కనిపిస్తే, విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి వస్తున్న ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ డేటా చెరపకుండానే మారుస్తుంది. కాకపోతే ప్రైమరీ పార్టిషన్లు మూడుకు మించకూడదు, ఎక్స్‌టెండెడ్ అసలు ఉండకూడదు. ముందు వాలిడేట్ ఆప్షన్‌తో నడిపి చూసి, ఆ తర్వాతే కన్వర్ట్ చేయండి. మారాక ఫర్మ్‌వేర్‌ని (ఆన్ చేయగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్‌ని) కూడా యూఈఎఫ్ఐ అనే కొత్త మోడ్‌కి మార్చకపోతే బూట్ అవదు.

ఇప్పుడు మీ డిస్క్‌లో ఉన్న ఆ నాలుగు ముక్కల సంగతి. ఎడమ నుంచి కుడికి మామూలుగా ఇలా ఉంటాయి. మొదటిది 100 ఎంబీ ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్. కొన్ని కంపెనీలు దీన్నే 260 ఎంబీగా ఇస్తాయి. తర్వాత 16 ఎంబీ మైక్రోసాఫ్ట్ రిజర్వ్డ్, ఇది డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనిపించదు కానీ లైనక్స్ ఇన్‌స్టాలర్‌లో కనిపిస్తుంది. ఆ తర్వాత సీ డ్రైవ్. చివర్లో 700, 800 ఎంబీ నుంచి ఒక జీబీ దాకా రికవరీ.

ఈ నాలుగింటిలో అసలు కీలకం ఆ 100 ఎంబీ ముక్క. కంప్యూటర్ ఆన్ చేయగానే ఫర్మ్‌వేర్ నేరుగా వెళ్లేది అక్కడికే. ఫ్యాట్32లో ఫార్మాట్ అయి ఉంటుంది, లోపల ఈఎఫ్ఐ అని ఒక ఫోల్డర్, అందులో మైక్రోసాఫ్ట్ అని ఒకటి, బూట్ అని ఒకటి. మీరు ఉబుంటు వేస్తే పక్కన ఉబుంటు అని ఇంకో ఫోల్డర్, ఫెడోరా వేస్తే ఫెడోరా అని మరొకటి. అంటే మూడు సిస్టమ్‌లకీ గుమ్మం ఒక్కటే, లోపల గదులు వేరు. కొత్త సిస్టమ్ వేసిన ప్రతిసారీ కొత్త ఈఎఫ్ఐ పార్టిషన్ చేయనక్కర్లేదు, ఉన్నదాన్నే చూపిస్తే సరిపోతుంది. చూపించేటప్పుడు పక్కన ఉండే "ఫార్మాట్" గడిలో టిక్ మాత్రం ఉండకూడదు. ఆ టిక్ ఉంటే విండోస్ ఫైళ్లు అన్నీ సీ డ్రైవ్‌లో భద్రంగానే ఉంటాయి, కానీ దాన్ని లేపే దారి ఉండదు.

నా సంగతి ఇదే. చాలాకాలం క్రితం ఒక రాత్రి లైవ్ పెన్‌డ్రైవ్‌తో జీపార్టెడ్ అనే లైనక్స్ పార్టిషన్ టూల్ తెరిచి కూర్చున్నాను. అప్పటి డిస్క్‌లో రెండు మూడు చిన్న ముక్కలు పడి ఉన్నాయి. పేర్లు లేవు, లెటర్లు లేవు, పాత ఇన్‌స్టాలేషన్ల తాలూకు చెత్త అనుకున్నాను. వాటిలో ఒకటి తీసేస్తే వరుస చక్కగా ఉంటుందనిపించింది. విండోస్‌లోంచి చేయబోతే ఆ ముక్క మీద డిలీట్ అన్న ఆప్షనే పనిచేయదు, అదే ఒక హెచ్చరిక. నేనేమో "విండోస్ ఒప్పుకోకపోతే లైనక్స్‌లోంచి చేద్దాం" అనుకున్నాను! అప్లై నొక్కాను, రీస్టార్ట్ చేశాను, నల్లటి తెర మీద బూట్ డివైస్ దొరకలేదని ఒకే ఒక్క లైను. మర్నాడు ఉదయం వేరే కంప్యూటర్‌లో విండోస్ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని, దాంతో బూట్ చేసి, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి కమాండ్ ప్రాంప్ట్ తెరిచాను. డిస్క్‌పార్ట్ అనే విండోస్ పార్టిషన్ టూల్‌తో అదే ఖాళీలో ఈఎఫ్ఐ పార్టిషన్ మళ్లీ చేసి, ఫ్యాట్32 ఫార్మాట్ చేసి, ఎస్ అనే లెటర్ ఇచ్చి, బూట్ ఫైళ్లు రాసే బీసీడీబూట్ కమాండ్‌కి సీ డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్‌ని, ఎస్ డ్రైవ్‌ని చూపించాను. బూట్ ఫైళ్లు విజయవంతంగా తయారయ్యాయని ఒక లైను వచ్చింది. మొత్తం పని పది నిమిషాలది, కానీ అది తెలుసుకోవడానికి నాకు పూట పట్టింది. ఆ రోజు నుంచి ఏ డిస్క్ ముట్టుకున్నా ముందు దాని వరుస కాగితం మీద రాసుకుంటాను: ఏ ముక్క, ఎంత సైజు, ఏ ఫార్మాట్, ఎవరిది. మీరూ రాసుకోండి, లేదా ఫోన్‌తో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరను ఫొటో తీసి పెట్టుకోండి.

రాసుకునేటప్పుడు ఒక చిన్న మెలిక ఉంది. విండోస్ జీబీ అంటే 1024 లెక్కలో చూపిస్తుంది, ఉబుంటు ఇన్‌స్టాలర్ 1000 లెక్కలో చూపిస్తుంది. అందుకే పెట్టె మీద 512 అని ఉన్న డిస్క్ విండోస్‌లో 476 అవుతుంది. మీరు విండోస్‌లో 180 జీబీగా కుదించిన సీ డ్రైవ్, ఉబుంటు ఇన్‌స్టాలర్‌లో 193 జీబీగా కనిపిస్తుంది. "ఇది నా సీ డ్రైవ్ కాదేమో" అనుకుని వేరే ముక్కను పట్టుకున్నవాళ్లున్నారు. సైజు ఒక్కటే చూడకండి, ఫార్మాట్, వరుసలో దాని స్థానం కూడా కలిపి చూసి గుర్తుపట్టండి. కింద నేనిచ్చేవన్నీ విండోస్ లెక్కలో అంకెలు.

మీ అవసరానికి నేనైతే ఇలా చేస్తాను, ఎడమ నుంచి కుడికి:

ఈఎఫ్ఐ 100 ఎంబీ, ముట్టుకోను
మైక్రోసాఫ్ట్ రిజర్వ్డ్ 16 ఎంబీ, ముట్టుకోను
సీ డ్రైవ్ 180 జీబీ
డేటా, ఎన్‌టీఎఫ్ఎస్, 150 జీబీ
ఉబుంటు, ఎక్స్‌ట్4 (లైనక్స్ ఫార్మాట్), 90 జీబీ
ఫెడోరా 50 జీబీ
ఏమీ చేయకుండా వదిలేసిన ఖాళీ 5 జీబీ
రికవరీ, ఉన్నది ఉన్నట్టే

ఈ అంకెలు మీ వాడకాన్ని బట్టి మార్చుకోండి, వాటి మీద నాకు పట్టుదలేమీ లేదు. వరుస మీద మాత్రం ఉంది. పార్టిషన్‌ని కుడివైపు పెంచడం తేలిక, ఎడమవైపు పెంచడం నరకం. పార్టిషన్‌లో ఫైళ్ల చిట్టా చూసే ఫైల్‌సిస్టమ్ లోపలి లెక్కలన్నీ తన మొదటి బ్లాక్ నుంచి మొదలవుతాయి. చివర్లో చోటు కలిస్తే పట్టికలో అంకె మార్చి, కొత్త చోటును కలుపుకుంటే అయిపోతుంది, ఎక్స్‌ట్4 అయితే సిస్టమ్ నడుస్తుండగానే పెరుగుతుంది. అదే ఎడమవైపు చోటు కలపాలంటే మొదటి బ్లాక్ జరగాలి, అంటే లోపల ఉన్న డేటా మొత్తాన్ని ఒక్కొక్కటిగా ఎడమకు మోయాలి. అది గంటలు పట్టొచ్చు. మధ్యలో కరెంటు పోయినా, బ్యాటరీ అయిపోయినా సగం డేటా పాత చోట, సగం కొత్త చోట. విండోస్ డిస్క్ మేనేజ్‌మెంట్ అయితే ఆ పని చేయనే చేయదు, సరిగ్గా కుడి పక్కనే ఖాళీ ఉంటేనే ఎక్స్‌టెండ్ అన్న ఆప్షన్ పనిచేస్తుంది.

అందుకే డేటా డ్రైవ్‌ని సీ పక్కన పెట్టాను. రేపు విండోస్‌కి చోటు చాలకపోతే డేటాని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని, ఆ పార్టిషన్ తీసేసి, సీ డ్రైవ్‌ని కుడివైపు పెంచి, మిగిలిన చోట మళ్లీ చిన్న డేటా డ్రైవ్ చేసుకోవచ్చు. మామూలు ఫైళ్లను కాపీ చేసి తిరిగి పెట్టడం తేలిక, నడిచే సిస్టమ్‌ని జరపడం కష్టం. ఫెడోరా నేర్చుకోవడానికే కాబట్టి ఉబుంటుకి కుడివైపున పెట్టాను. మోజు తీరాక దాన్ని తీసేస్తే ఆ చోటంతా ఉబుంటుకి నేరుగా కలుస్తుంది.

ఆ చివరి 5 జీబీ ఎందుకంటే, విండోస్ రికవరీ కోసం. 2024 జనవరిలో ఒక సెక్యూరిటీ అప్‌డేట్ రికవరీ పార్టిషన్‌లో చోటు చాలక చాలామందికి ఫెయిలైంది, ఆ పార్టిషన్‌ని 250 ఎంబీ పెంచుకోమని మైక్రోసాఫ్టే చెప్పాల్సి వచ్చింది. పక్కన ఖాళీ ఉంటే మళ్లీ అలాంటిది వచ్చినా అన్నీ కదిలించనక్కర్లేదు. రికవరీని తీసేసి, ఆ ఖాళీతో కలిపి కాస్త పెద్దదిగా మళ్లీ చేసుకోవడమే.

ఇక పని మొదలుపెట్టే ముందు విండోస్‌లో చేయాల్సినవి. బ్యాకప్ గురించి ఒక్క మాట: అదే డిస్క్‌లో ఇంకో పార్టిషన్‌లో పెట్టిన కాపీ బ్యాకప్ కాదు.

మొదట బిట్‌లాకర్, అంటే డిస్క్‌కి తాళం వేసినట్టు ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ ఏర్పాటు. "నేనెప్పుడూ ఆన్ చేయలేదు" అంటారు, నిజమే, కానీ చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే ఆన్ అయిపోతుంది, హోమ్ ఎడిషన్‌లో కూడా. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో మేనేజ్-బీడీఈ కమాండ్‌ని స్టేటస్ ఆప్షన్‌తో ఇస్తే ఏ డ్రైవ్ ఏ స్థితిలో ఉందో చెబుతుంది. ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీని ఇప్పుడే తీసి, ఈ ల్యాప్‌టాప్‌లో కాకుండా వేరే చోట పెట్టుకోండి. బూట్ వరుస మారినప్పుడు, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే నడవనిచ్చే ఏర్పాటు) సెట్టింగ్ కదిలినప్పుడు విండోస్ ఆ కీ అడగొచ్చు. అప్పుడు అది మీ దగ్గర లేకపోతే ఫార్మాట్ తప్ప దారి లేదు. పని అయ్యేదాకా దాన్ని సస్పెండ్ చేయడం ఒక పద్ధతి. కానీ సీ డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే కొన్ని లైనక్స్ ఇన్‌స్టాలర్లు ముందుకు పోనివ్వవు, అప్పుడు పూర్తిగా ఆఫ్ చేయాలి. తర్వాత కావాలంటే మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. డేటా డ్రైవ్ చేశాక అది కూడా ఎన్‌క్రిప్ట్ అయిందేమో చూడండి, అయితే లైనక్స్‌లో నేరుగా తెరుచుకోదు.

రెండోది ఫాస్ట్ స్టార్టప్. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే నిజమైన షట్‌డౌన్ కాదు, సగం హైబర్నేషన్. కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) స్థితిని డిస్క్‌లో దాచి పడుకుంటుంది, ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవ్‌లను "వాడుకలో ఉన్నాయి" అన్న గుర్తుతో వదిలేస్తుంది. ఆ స్థితిలో లైనక్స్ ఆ డ్రైవ్‌ని రాయడానికి వీల్లేకుండా చదవడానికి మాత్రమే తెరుస్తుంది, లేదా అసలు తెరవదు. బలవంతంగా తెరిచి రాస్తే, తర్వాత విండోస్ లేచి తన జ్ఞాపకంలో ఉన్న పాత లెక్క ప్రకారం రాస్తుంది, ఫైళ్లు పాడవుతాయి. "లైనక్స్‌లో సేవ్ చేసిన ఫైలు విండోస్‌లో మాయమైంది" అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్నేషన్‌నే ఆపేయండి, ఫాస్ట్ స్టార్టప్ దాంతోనే పోతుంది.

మూడోది కుదించడం. సీ డ్రైవ్‌ని తగ్గించే పని విండోస్‌తోనే చేయించండి, లైనక్స్ టూల్స్‌తో వద్దు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ మీద కుడి క్లిక్, ష్రింక్ వాల్యూమ్. అంకె ఎంబీలో అడుగుతుంది: 295 జీబీ తీయాలంటే 302080 అని ఇవ్వాలి. ఇక్కడ చాలామందికి ఒక షాక్ తగులుతుంది. డ్రైవ్‌లో 350 జీబీ ఖాళీ ఉన్నా 140 మాత్రమే తగ్గించగలనని అంటుంది. కారణం, పేజ్ ఫైలు, హైబర్నేషన్ ఫైలు, సిస్టమ్ రిస్టోర్ తాలూకువి, ఇలా కొన్ని ఫైళ్లను విండోస్ నడుస్తుండగా కదపలేదు. వాటిలో ఒక్కటి డ్రైవ్ మధ్యలో కూర్చున్నా దాని అవతలి ఖాళీ మాత్రమే లెక్కలోకి వస్తుంది. హైబర్నేషన్ ఎలాగూ ఆపేశారు. పేజ్ ఫైలునీ, సిస్టమ్ ప్రొటెక్షన్‌నీ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి, మళ్లీ ప్రయత్నించండి. కుదించాక రెండింటినీ తిరిగి ఆన్ చేయడం మర్చిపోవద్దు.

వచ్చిన ఖాళీలో మొదటి 153600 ఎంబీతో, అంటే 150 జీబీతో, విండోస్‌లోనే కొత్త సింపుల్ వాల్యూమ్ చేసి డేటా అని పేరు పెట్టండి. మిగిలినది అన్‌అలకేటెడ్‌గా నల్ల పట్టీతో అలాగే వదిలేయండి. లైనక్స్ కోసం ముందే విండోస్‌లో డ్రైవ్‌లు చేసి ఫార్మాట్ చేయడం వృథా పని, ఇన్‌స్టాలర్ వాటిని ఎలాగూ తీసేయాలి.

డేటా డ్రైవ్‌కి ఎక్స్‌ఫ్యాట్ మేలు కదా అని కొందరు అంటారు. మూడు సిస్టమ్‌లూ దాన్ని చదువుతాయి, నిజమే. కానీ దానికి జర్నల్, అంటే రాయబోయే మార్పుల చిట్టా, లేదు, రాస్తుండగా కరెంటు పోతే కోలుకునే శక్తి తక్కువ. పెన్‌డ్రైవ్‌కి సరే, లోపలి డిస్క్‌కి నేను ఎన్‌టీఎఫ్ఎస్సే వాడతాను. 2021లో వచ్చిన 5.15 వెర్షన్ నుంచి లైనక్స్ కెర్నల్‌లోనే చదివి రాసే ఎన్‌టీఎఫ్ఎస్ డ్రైవర్ ఉంది. కానీ దాని మీద ఫొటోలు, వీడియోలు, డాక్యుమెంట్లు మాత్రమే పెట్టండి. కోడ్ ప్రాజెక్టులు పెట్టారంటే ఫైల్ పర్మిషన్లు, సింబాలిక్ లింకుల దగ్గర విసుగు పుడుతుంది. కోడ్ మార్పులు లెక్కపెట్టే గిట్, ఏమీ మారకుండానే అన్ని ఫైళ్లూ మారాయని చూపించడం మొదలుపెడుతుంది. ఇంకో సంగతి, ఆ డ్రైవ్‌లో తప్పులు వస్తే సరిచేయాల్సింది విండోస్‌లో చెక్‌డిస్క్‌తోనే.

ఇప్పుడు ఉబుంటు. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసేటప్పుడు కొన్ని కంప్యూటర్లలో బూట్ మెనూలో అదే పెన్‌డ్రైవ్ రెండుసార్లు కనిపిస్తుంది, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది. అదే ఎంచుకోండి, రెండోది పాత బయాస్ మోడ్, దాంతో వేస్తే విండోస్ ఒక దారి, ఉబుంటు ఒక దారి అవుతాయి. ఇన్‌స్టాలర్‌లో "డిస్క్ మొత్తం చెరిపి" అన్నది ఎలాగూ వద్దు. "పక్కన ఇన్‌స్టాల్ చేయి" అన్నది కూడా మీకు వద్దు, అది ఖాళీ అంతా ఉబుంటుకే ఇచ్చేస్తుంది, ఫెడోరాకి మిగలదు. మాన్యువల్ తీసుకోండి. అన్‌అలకేటెడ్ ఖాళీ మీద నొక్కి 90 జీబీతో ఒక పార్టిషన్, ఎక్స్‌ట్4, మౌంట్ పాయింట్ (ఆ పార్టిషన్ సిస్టమ్‌లో కనిపించే చోటు) రూట్, అంటే / గుర్తు. ఇన్‌స్టాలర్ లెక్కలో అది దాదాపు 96.6 జీబీ. తర్వాత బూట్‌లోడర్ (సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రామ్) ఎక్కడ అని అడిగే చోట మీ ఎస్ఎస్‌డీని, పార్టిషన్ అంకె లేకుండా మొత్తం డిస్క్‌ని, చూపించండి. ఈఎఫ్ఐ పార్టిషన్‌ని అదే గుర్తుపట్టి వాడుకుంటుంది. "ఇన్‌స్టాల్" నొక్కే ముందు చివరి తెర చూపించే జాబితాలో ఏవేవి ఫార్మాట్ అవుతాయో ఉంటుంది. అందులో మీరిప్పుడు చేసిన ఎక్స్‌ట్4 ఒక్కటే ఉండాలి. ఫ్యాట్32 గానీ ఎన్‌టీఎఫ్ఎస్ గానీ ఆ జాబితాలో కనిపిస్తే వెనక్కి వెళ్లండి.

స్వాప్‌కి, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకునే చోటుకి, వేరే పార్టిషన్ అక్కర్లేదు. 2017లో వచ్చిన 17.04 నుంచి ఉబుంటు స్వాప్‌ని ఫైలుగానే పెడుతోంది. హోమ్‌ని, అంటే మీ ఫైళ్లు, సెట్టింగ్స్ ఉండే ఫోల్డర్‌ని, వేరే పార్టిషన్‌గా చేయాలా అంటే, 90 జీబీలో వద్దంటాను. ఒకవైపు రూట్ నిండిపోయి అప్‌డేట్లు ఆగిపోతాయి, రెండోవైపు హోమ్‌లో 30 జీబీ ఖాళీగా పడి ఉంటుంది. ఉబుంటు, ఫెడోరా రెండింటికీ ఒకే హోమ్ పెట్టుకుందామన్న ఆలోచన కూడా బాగా కనిపిస్తుంది కానీ పనికిరాదు. అదే ప్రోగ్రామ్ రెండు వేర్వేరు వెర్షన్లు ఒకే సెట్టింగ్స్ ఫైలు మీద కొట్టుకుంటాయి.

ఫెడోరా కూడా ఇదే తీరు. మిగిలిన ఖాళీలో 50 జీబీ ఇస్తే అందులో ఒక జీబీ బూట్‌కి, మిగతాది బీటీఆర్ఎఫ్ఎస్ అనే ఇంకో లైనక్స్ ఫార్మాట్‌కి ఇవ్వొచ్చు. 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి డెస్క్‌టాప్ ఫెడోరాలో బీటీఆర్ఎఫ్ఎస్సే మామూలు, స్వాప్‌ని అది ర్యామ్‌లోనే కుదించి నడుపుకుంటుంది. ఈఎఫ్ఐ పార్టిషన్‌కి మౌంట్ పాయింట్ ఇవ్వాల్సి వస్తే బూట్ కింద ఈఎఫ్ఐ అని ఇచ్చి, ఫార్మాట్ టిక్ లేకుండా చూడండి. మూడోసారి చెబుతున్నానని తెలుసు.

ఫెడోరా బదులు ఉబుంటు నుంచే పుట్టిన కుబుంటు, మింట్ లాంటివి ఎంచుకోకపోవడం మంచిదైంది. అవి కూడా ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఉబుంటు అనే పేరుతోనే ఫోల్డర్ పెడతాయి. రెండోది వేయగానే మొదటిదాని బూట్ ఫైళ్ల మీద తనవి రాసేస్తుంది. వేర్వేరు కుటుంబాల డిస్ట్రోలకి (లైనక్స్ రకాలకి) ఈ గొడవ లేదు. కెర్నల్‌నే ఈఎఫ్ఐ పార్టిషన్‌లో పెట్టే డిస్ట్రోలూ కొన్నున్నాయి, సిస్టమ్‌డీ-బూట్ అనే బూట్‌లోడర్ వాడేవి. వాటికి 100 ఎంబీ చాలదు. దాన్ని పెంచుదామంటే కుడి పక్కన రిజర్వ్డ్, ఆ పక్కన సీ డ్రైవ్ అడ్డం. ఎప్పుడైనా డిస్క్‌ని మొదటి నుంచి ఖాళీ చేసి మొదలుపెట్టే అవకాశం వస్తే, విండోస్ ఇన్‌స్టాలర్ తన పార్టిషన్లు చేసుకునే ముందే డిస్క్‌పార్ట్‌తో ఒక జీబీ ఈఎఫ్ఐ పార్టిషన్ చేసి పెట్టండి, విండోస్ దాన్నే వాడుకుంటుంది.

ఫెడోరా చివర్లో వేశారు కాబట్టి ఆన్ చేయగానే ఫెడోరా గ్రబ్, అంటే ఏ సిస్టమ్ కావాలో అడిగే దాని బూట్‌లోడర్, వస్తుంది. పని ఉబుంటులో అయితే దాన్ని ముందుకు తెచ్చుకోండి, ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌లో బూట్ ఆర్డర్ మారిస్తే చాలు. ఉబుంటు గ్రబ్ మెనూలో మిగతావి కనిపించకపోతే కంగారు పడకండి. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి పక్క సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ని మామూలుగా ఆపేసి ఇస్తున్నారు. గ్రబ్ సెట్టింగ్స్ ఫైలులో దాన్ని డిజేబుల్ చేసే లైనుకి ఫాల్స్ అని పెట్టి, అప్‌డేట్-గ్రబ్ నడపాలి. అయితే అలా వచ్చిన ఫెడోరా లైను ఆ రోజు ఉన్న కెర్నల్‌కే కట్టుబడి ఉంటుంది. ఫెడోరాలో కెర్నల్ మారినప్పుడల్లా ఉబుంటులోకి వచ్చి మళ్లీ అప్‌డేట్ చేయాలి. నాకు అంత ఓపిక లేదు, ఫెడోరా కావాల్సినప్పుడు ల్యాప్‌టాప్ బూట్ మెనూ కీ నొక్కి నేరుగా దాన్నే ఎంచుకుంటాను. బిట్‌లాకర్ ఉన్న విండోస్‌కి కూడా ఇదే మంచి దారి, గ్రబ్ ద్వారా వెళ్తే కొన్ని మెషీన్లలో రికవరీ కీ అడుగుతుంది.

డేటా డ్రైవ్ ఉబుంటులో ప్రతిసారీ తనంతట తానే తెరుచుకోవాలంటే ఎఫ్ఎస్‌ట్యాబ్ అనే సెట్టింగ్స్ ఫైలులో ఒక లైను రాయాలి. అక్కడ పార్టిషన్ అంకె రాయకండి, యూయూఐడీ, అంటే ఆ పార్టిషన్‌కి మాత్రమే ఉండే గుర్తింపు కోడ్, రాయండి. విండోస్ పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడు సీ డ్రైవ్ చివర కాస్త కోసి కొత్త రికవరీ పార్టిషన్ చేసుకోవడం నేను చూశాను, అలాంటప్పుడు అంకెల మీద నమ్మకం ఉండదు. ఆ లైనులో నోఫెయిల్ అనే ఆప్షన్ కూడా చేర్చండి. లేకపోతే ఆ డ్రైవ్ ఏ కారణం చేతనైనా దొరకని రోజు, ఉబుంటు 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోతుంది. సినిమాలున్న డ్రైవ్ దొరకలేదని సిస్టమ్ మొత్తం ఆగిపోవడం ఎందుకు?

విండోస్‌లోకీ లైనక్స్‌లోకీ మారినప్పుడల్లా గడియారం కొన్ని గంటలు అటూ ఇటూ అవుతుంది. ఇది పార్టిషన్ల తప్పు కాదు. మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం ఉందని విండోస్ అనుకుంటుంది, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉందని లైనక్స్ అనుకుంటుంది. లైనక్స్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో లోకల్ ఆర్‌టీసీ అని సెట్ చేస్తే సరిపోతుంది, రెండు లైనక్స్‌లలోనూ చేయాలి.

ఎప్పుడైనా ఫెడోరా తీసేయాలనిపిస్తే వెళ్లి పార్టిషన్లు డిలీట్ చేసేయకండి. ముందు ఉబుంటు గ్రబ్ మొదట వచ్చేలా చూసుకుని, దాంతో ఒకసారి బూట్ చేసి, ఆ తర్వాత తీయండి. ఫెడోరా గ్రబ్ ముందున్నప్పుడు దాని పార్టిషన్ పోతే, ఈఎఫ్ఐలో ఉన్న చిన్న ముక్క తన మిగతా ఫైళ్ల కోసం వెతికి, దొరక్క, మెనూ లేకుండా గ్రబ్ అనే ఒక్క పదంతో ఆగిపోతుంది. అలా అయినా ఏమీ పోలేదు, బూట్ మెనూ కీతో ఉబుంటునో విండోస్‌నో ఎంచుకుంటే లేస్తాయి. తర్వాత ఈఎఫ్ఐ పార్టిషన్‌లో ఫెడోరా ఫోల్డర్‌ని, ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్ అనే లైనక్స్ కమాండ్‌తో ఫర్మ్‌వేర్‌లోని దాని ఎంట్రీని తీసేయండి.

మీరు అడగలేదు కానీ, ల్యాప్‌టాప్‌లో రెండో ఎం.2 స్లాట్ (ఇంకో ఎస్ఎస్‌డీ పెట్టుకునే చోటు) ఉందేమో చూడండి. ఉంటే లైనక్స్‌లు రెండూ ఆ డిస్క్‌లో వేస్తే పైన చెప్పిన కుదింపులు చాలావరకు తప్పుతాయి. అలా చేస్తే ఇన్‌స్టాల్ చేసేంతసేపు విండోస్ డిస్క్‌ని తీసి పక్కన పెట్టండి, లేదా ఫర్మ్‌వేర్‌లో ఆపేయండి. డిస్కులు రెండున్నా బూట్‌లోడర్‌ని మొదటి డిస్క్‌లోని ఈఎఫ్ఐలోనే పెట్టేసే అలవాటు ఇన్‌స్టాలర్లకి ఉంది, విండోస్ ఇన్‌స్టాలర్‌కి మరీ. స్లాట్ లేకపోతే, ఫెడోరా నిజంగా చూడటానికే అయితే, 16 జీబీ ర్యామ్‌లో వర్చువల్ మెషీన్‌గా (ఉన్న సిస్టమ్ లోపలే ఒక ప్రోగ్రామ్‌లా) హాయిగా నడుస్తుంది. ఆ 50 జీబీ ఉబుంటుకే ఇచ్చేయొచ్చు.

చివరగా, లైనక్స్ ఇన్‌స్టాలర్‌లో మీ ఎస్ఎస్‌డీ అసలు కనిపించకపోతే పార్టిషన్లు ఏవో పాడయ్యాయని భయపడకండి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఫర్మ్‌వేర్‌లో స్టోరేజ్ మోడ్ ఆర్ఎస్‌టీ లేదా వీఎండీ అని ఉండే అవకాశం ఎక్కువ. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి, కానీ నేరుగా మారిస్తే విండోస్ నీలి తెర వేస్తుంది. ముందు విండోస్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్ అవుతుండగా ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లి మోడ్ మార్చి, సేఫ్ మోడ్‌లో ఒకసారి లేవనివ్వండి, తర్వాత టిక్ తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేయండి. ఇది చేసే ముందు కూడా ఆ 48 అంకెల కీ చేతిలో ఉండాలి.